లేని మసి కడిగే మహానుభావులు

1871లో డాక్టర్ విలియం కింగ్ అనే దొర మా ఇల్లందు దగ్గర నేల కింద బొగ్గుందని కనిపెట్టాడు. ఉన్నదాన్ని ఉందన్నాడు, అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది, డోర్నకల్ వైపు నుంచి రైలు పట్టాలొచ్చాయి, సింగరేణి పేరు దేశమంతా పాకింది. పాపం, పాతకాలం మనిషి. ఇప్పటివాళ్లు ఆయన్ని ఎప్పుడో దాటేశారు. వీళ్లు నేల తవ్వరు, చేతికి మట్టి అంటించుకోరు. నెట్ తీగ పట్టుకుని మన ఇంటి కంప్యూటర్‌లోకి దిగి, ముప్పై సెకన్లలో 1,347 చోట్ల మసి ఉందని తేల్చేస్తారు. అంకె ఎర్రగా ఉంటుంది. దాని పక్కన ఓ ఆశ్చర్యార్థకం. కింద పచ్చటి బొత్తాం: 'ఇప్పుడే శుభ్రం చేయండి'.

దీని పేరు రిజిస్ట్రీ క్లీనర్. ఇంటి కంప్యూటర్‌లో దీన్ని వేసుకోవాలా వద్దా అని మా ఇల్లందులో చాయ్ హోటళ్ల దగ్గర, జిరాక్స్ షాపుల దగ్గర వాదన నడుస్తూనే ఉంటుంది. 'వేసుకుంటే ఏం పోతది, ఉచితమేగా' అనే పక్షానికే బలం ఎక్కువ. నిజమే, స్కాన్ ఉచితం. భయం ఉచితం. ధైర్యానికే డబ్బులు.

ఆ 1,347 సంగతి చూద్దాం. కొత్త డబ్బా తెచ్చి, విండోస్ ఎక్కించి, దాని నెత్తిన పెట్టిన పసుపూ కుంకుమా ఆరకముందే స్కాన్ కొట్టండి. అప్పుడూ లోపాలు దొరుకుతాయి. ఒక క్లీనర్‌తో కడిగి, వెంటనే ఇంకో కంపెనీ క్లీనర్‌తో చూడండి. మొదటిది వదిలేసిన మసిని రెండోది దొరకబుచ్చుకుంటుంది. రెండోదానితో కడిగాక మొదటిదానికి మళ్లీ ఏదో కనిపిస్తుంది. 'ఏమీ లేదు, అంతా బాగుంది, ఇంటికెళ్లి పడుకోండి' అని చెప్పిన క్లీనర్‌కు మరుసటి ఏడాది ఎవడు డబ్బులు కడతాడు? అందుకే దాని కళ్లు ఎప్పుడూ పదునుగానే ఉంటాయి.

ఇంతకీ ఆ రిజిస్ట్రీ ఏమిటి? ఏ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలి, ఏ ప్రింటర్ ముందు పలకాలి, మిషను లేవగానే ఏ పని మొదలెట్టాలి, తెర మీద మనవడి ఫొటో ఉండాలా తిరుపతి వెంకన్న ఉండాలా అన్నవన్నీ విండోస్ రాసి పెట్టుకునే చోటు. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలై, 1995లో విండోస్ 95తో పూర్తి స్థాయికి వచ్చింది. అంతకు ముందు ఈ సమాచారమంతా పొట్టి పొట్టి ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉండేది. ఇప్పుడు సీ డ్రైవ్‌లో విండోస్, దానిలో సిస్టమ్ 32, దానిలో కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌లో పెద్ద ఫైళ్లుగా కూర్చుంది. ఒక్కొక్కరి సొంత ముచ్చట్లు వాళ్ల ఖాతా ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి.

క్లీనర్ ప్రకటన చూస్తే విండోస్ రోజూ పొద్దున్నే లేచి దీన్నంతా మొదటి అక్షరం నుంచి చివరి దాకా పారాయణం చేస్తుందనీ, మధ్యలో చెత్త అడ్డొచ్చి ఆయాసపడుతుందనీ అనిపిస్తుంది. విండోస్‌కు అంత భక్తి లేదు. దానికి ఏదైనా కావాలంటే ఫలానా కొమ్మలో ఫలానా రెమ్మ అని చిరునామా పట్టుకుని నేరుగా అక్కడికే పోయి, కావలసింది చదువుకుని వస్తుంది. నువ్వు మూడేళ్ల కింద తీసేసిన ఆట తాలూకు ఎంట్రీ ఎక్కడో ఓ కొమ్మన మిగిలిందనుకో, దాన్ని అడిగేవాడే లేడు, అది అడ్డొచ్చేదీ లేదు. బరువంటారా? ఒక్కో ఎంట్రీ వంద, రెండొందల బైట్లు. వెయ్యి ఎంట్రీలు తుడిచేసినా రెండొందల కిలోబైట్లు దాటవు. పొద్దున్నే నీ ఫోన్‌కు వచ్చే శుభోదయం బొమ్మ అంతకన్నా బరువు. పోనీ ఆ కాస్త జాగానైనా చేతికొస్తుందా అంటే అదీ లేదు. తుడిచిన చోట ఖాళీ పడుతుంది గానీ ఫైలు అప్పటికప్పుడు చిక్కిపోదు.

సరే, లాభం లేకపోతే లేదు, నష్టమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు మా ఊళ్లో భూగర్భ గనిలో పనిచేసిన ఏ పెద్దాయన్నడిగినా చెప్తాడు. బొగ్గు తీసేటప్పుడు మధ్య మధ్యలో పిల్లర్లు వదులుతారు. చూసేవాడికి అవి ఊరికే నిలబడి ఉన్నట్టే ఉంటాయి. వాటినీ తీస్తారు, కాదనను. డీపిల్లరింగ్ అంటారు. దానికి ముందు గనుల భద్రతా డైరెక్టరేట్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి, ఏది ముందు ఏది వెనక అని లెక్క కట్టాలి, దిమ్మెలు నిలబెట్టాలి, రూఫ్ కొట్టి చప్పుడు వినాలి. 'ఇక్కడ ఈ పిల్లర్‌తో ఏం పని' అనుకుంటూ ఎవడో బాటసారి వచ్చి పీకబోతే ఆ పని చూసే మైనింగ్ సర్దారు వాణ్ణి బాయిలోకే దిగనివ్వడు. అదే సర్దారు రిటైరయ్యాక, తన సర్వీసులో ముఖం కూడా చూడని ఓ ప్రోగ్రాముకు 1,347 పిల్లర్లు ఒకేసారి పీకడానికి ఒక్క క్లిక్కుతో అనుమతి ఇచ్చేస్తున్నాడు.

ఈ ప్రోగ్రాము ఏది పనికొచ్చేదో ఏది కాదో ఎలా తేలుస్తుంది? ఎంట్రీ ఒక ఫైలు పేరు చెప్తుంది. ఆ ఫైలు కనబడకపోతే ఎంట్రీ చెత్త కిందే లెక్క. ఆ ఫైలు ఉన్న హార్డ్ డిస్క్ ఆ సమయానికి మేనల్లుడి బ్యాగులో ఉండొచ్చు. ఆ ప్రోగ్రాము నెలకోసారి జీతాల లెక్కకు మాత్రమే లేవొచ్చు. క్లీనర్‌కు ఆ ఓపిక లేదు. అన్నీ తుడిచేస్తుంది. చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే ఈ సరుకు గొప్ప గుణం. ఎప్పుడో ఒకసారి మాత్రం పాత ప్రోగ్రామును తీసేద్దామంటే పోనంటుంది, కొత్తది ఎక్కిద్దామంటే పాతది అడ్డుందంటుంది, నిన్నటిదాకా పలికిన వేలిముద్ర యంత్రం ఇవాళ ముఖం తిప్పుకుంటుంది. అప్పటికి క్లీనర్ వేసి నెలైంది, దాని మీద ఎవరికీ అనుమానం రాదు. తిట్లన్నీ విండోస్‌కే.

'మేం ముందే బ్యాకప్ తీసుకున్నాంగా' అంటారు తెలివైనవాళ్లు. తీసుకున్నారు. అది ఆ కంప్యూటర్‌లోనే ఉంది. ఆ కంప్యూటర్ లేవడం లేదు. లేవని మిషనులో ఏ ఫైలు మీద రెండుసార్లు నొక్కుతారో చూడాలని నాకు చాలా కోరిక. ఒకప్పుడు విండోసే చప్పుడు చేయకుండా రిజిస్ట్రీ నకలు ఓ పక్కన దాచేది. 2018లో వచ్చిన విండోస్ 10 రూపం నుంచి ఆ అలవాటు కూడా మానుకుంది. మనం రీస్టోర్ పాయింట్ పెట్టుకుని ఉంటే సరి, లేకపోతే దిక్కు లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ మందుకు ఒకప్పుడు రోగం ఉండేది. విండోస్ 98 కాలంలో ఇళ్లలో 16, 32 మెగాబైట్ల మెమరీతో నెట్టుకొచ్చేవాళ్లు. రిజిస్ట్రీ ఉబ్బితే అంతో ఇంతో భారం పడేది. మైక్రోసాఫ్టే 'రెగ్‌క్లీన్' అని ఓ పనిముట్టు ఇచ్చింది, తర్వాత తనే వెనక్కి తీసుకుంది. 2001లో ఎక్స్‌పీ వచ్చేసరికి రిజిస్ట్రీని మెమరీలో పెట్టుకునే పద్ధతే మారిపోయింది, దాని పరిమాణానికి ఉన్న హద్దు కూడా ఎత్తేశారు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ తన మద్దతు విధానంలో విప్పి చెప్తోంది: రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని మేం సమర్థించం, వాటివల్ల వచ్చే సమస్యలకు మాది బాధ్యత కాదు, విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు, అప్పటికీ బాగుపడుతుందని హామీ ఇవ్వలేం అని. ఇల్లు కట్టిన మేస్త్రీ చెప్పే మాట మనకెందుకు? యూట్యూబ్‌లో కుర్రాడు 'ఫ్రెండ్స్, ఈ ఒక్క ట్రిక్‌తో రాకెట్ స్పీడ్' అన్నాడు, చాలదూ.

రాకెట్ సంగతులు కోర్టుల దాకా పోయాయి. 2008 సెప్టెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్, మైక్రోసాఫ్ట్‌ను తోడు తీసుకుని, 'రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ' అమ్మే టెక్సస్ వ్యాపారి మీద దావా వేశాడు. రిజిస్ట్రీ దెబ్బతిందని జనం తెరల మీద హెచ్చరికలు గుప్పించి, 39.95 డాలర్ల మందు అమ్మారన్నది అభియోగం. ఇది చిల్లర దుకాణం కథ. పెద్ద దుకాణం కథ 2019 మార్చిలో బయటికొచ్చింది. ఆఫీస్ డిపో అంటే అక్కడ ఊరూరా ఉన్న గొలుసు దుకాణం. కంప్యూటర్ తీసుకెళ్తే 'పీసీ హెల్త్ చెక్' అని ఉచితంగా పరీక్ష చేసేవాళ్లు. పరీక్షకు ముందు నాలుగు ప్రశ్నలు. మిషను నెమ్మదించిందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, వైరస్ హెచ్చరికలు కనబడ్డాయా, మాటిమాటికీ ఆగిపోతోందా. ఏ ఒక్కదానికి టిక్కు పెట్టినా చాలు, వైరస్ లక్షణాలున్నాయని ఫలితం వచ్చేది. పరీక్షలో ఏం తేలిందన్నదానితో సంబంధం లేదు. అసలు మిషను నెమ్మదించకపోతే దాన్ని మోసుకుని దుకాణానికి ఎవడొస్తాడయ్యా! ప్రశ్నలోనే తీర్పు, తీర్పులోనే బిల్లు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకునేసరికి ఆఫీస్ డిపో 2 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆ ప్రోగ్రాము అందించిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టి ఒడ్డెక్కాయి.

2024 మార్చిలో సైప్రస్ వాళ్ల వంతు. రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు పేర్లతో కంప్యూటర్లు బాగు చేస్తామన్న కంపెనీలు 2 కోట్ల 60 లక్షల డాలర్లకు రాజీ పడ్డాయి. కమిషన్ మనుషులు మామూలు ఖాతాదారుల్లా కొని నడిపిస్తే, బాగున్న మిషనులోనూ వందల లోపాలు దొరికాయట. కొన్నాక ఫోన్ చేయమంటారు, ఫోన్ చేస్తే ఇంకా పెద్ద రోగం ఉందంటారు. మరుసటి ఏడాది ఏడు లక్షల మందికి పైగా బాధితులకు డబ్బు వాపసు పంపారు. ఏడు లక్షల మంది! డాలర్లు సంపాదించుకునే తెల్లవాళ్లే ఎర్ర అంకె చూసి హడలిపోతే, పెన్షన్ డబ్బుల్లోంచి తీసి కట్టే మావాళ్లను ఏమనాలి? ఈ వ్యాపారంలో మన దేశమూ వెనకబడలేదు సుమా. 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో పలు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్ మనుషులమని చెప్పుకుని విదేశీయులకు ఫోన్లు కొట్టే కాల్ సెంటర్లు కూడా ఆ వలలో ఉన్నాయి. వాళ్లు ఉద్యోగాలు సృష్టిస్తున్నామని అనుకుని ఉంటారు.

ఇక మంచివాళ్ల కథ. సీక్లీనర్ పేరు తెలియని కంప్యూటర్ మెకానిక్ ఉండడు. కోట్ల మంది వాడేది, దొంగ కంపెనీ కాదు. 2017లో దాని ఇంట్లోకే దొంగలు దూరారు. ఆగస్టు 15న విడుదలైన 5.33 వెర్షన్‌లో కంపెనీ సంతకంతో సహా దొంగ కోడ్ కలిసి బయటికొచ్చింది. సెప్టెంబరులో బయటపడేసరికి దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లలో ఎక్కి కూర్చుంది. అవన్నీ శుభ్రత కోసం తలుపు తీసిన ఇళ్లే. ఆ 22 లక్షల మందిలో తమ రిజిస్ట్రీ నిగనిగలాడుతోందని సంతోషించినవాళ్లు ఎందరో!

అమెరికావాళ్లు డబ్బు పెట్టి మోసపోతారు. మనకు అంత ఖర్చెందుకు, 'ఫుల్ వెర్షన్ క్రాక్' ఉంది. క్లీనర్‌ను దొంగతనంగా దించడం, దాంతో పాటు వచ్చిన తాళం తెరిచే చిట్టి ప్రోగ్రామును నడపడానికి యాంటీవైరస్ ఒప్పుకోకపోతే యాంటీవైరస్‌నే ఆపేయడం, ఆపేసి నడపడం, నడిపాక 'వైరస్‌లు ఎక్కువైనయ్, రిజిస్ట్రీ క్లీన్ చేయాలె' అనడం. కాపలావాణ్ణి తన్ని తరిమి, దొంగ చేతికి తాళాలిచ్చి, ఇంట్లో సామాన్లు పోతున్నాయని చీపురు పట్టుకునే తెలివి ఇది.

'కానీ నాకు నిజంగానే స్పీడయింది' అనేవాళ్లుంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. క్లీనర్ పని ముగించి చివర్లో ఒక్క మాట అడుగుతుంది: రీస్టార్ట్ చేయమంటారా? వేగం అక్కడుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటుంది. రాత్రి షట్ డౌన్ నొక్కితే తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ లోపలి భాగం ఉన్నదున్నట్టు డిస్క్ మీదికెక్కి పడుకుంటుంది. పొద్దున అదే పాత బద్ధకంతో లేస్తుంది. రోజూ ఆపుతున్నామనుకునే కంప్యూటర్ నెలల తరబడి అసలు ఆగలేదన్నమాట. రీస్టార్ట్ నొక్కితేనే అది మొదటి నుంచి మొదలవుతుంది, మెమరీ ఖాళీ అవుతుంది, కాసేపు గంతులేస్తుంది. పైసా ఖర్చులేని ఆ బొత్తాం స్టార్ట్ మెనూలోనే ఉంది. అయితే దాని పక్కన ఎర్ర అంకె లేదు, భయపెట్టదు, అందుకే గౌరవం లేదు.

భయపెట్టని నిజాలు ఇంకా ఉన్నాయి. మా దగ్గర బొగ్గు పొడి లేని వస్తువు లేదు. ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌లూ, బొగ్గు లారీలూ ఉన్న ఊరు. ఉతికిన చొక్కా మీద, ఆరబెట్టిన వడియాల మీద, తులసి ఆకుల మీద పడే పొడి కంప్యూటర్ ఫ్యాన్‌ను మాత్రం వదిలేస్తుందా? సీపీయూ డబ్బా పక్క రేకు విప్పితే తెలుస్తుంది. రెక్కల మధ్య పొడి గడ్డకట్టి గాలి ఆడదు. వేడెక్కిన ప్రాసెసర్ కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంత నల్లటి, చేతికి అంటే మసిని వదిలేసి, కంటికి కనబడని మసికి చందా కట్టడం మా ఊరికే చెల్లింది. ఓ సర్వీసు కుర్రాడికీ ఓ రిటైర్డు కాకాకూ మధ్య నడిచే మాటలు ఇలా ఉంటాయి:

"కాకా, ఫ్యాన్‌ల దుమ్ము తీసి, పేస్టు మార్చి ఇస్తా. సరిపోద్ది."

"దుమ్ము మాకు కొత్తా ఏందిరా? ముప్పై ఏండ్లు మింగినం. లోపల రిజిస్ట్రీ పాడైందంట, చూడు, ఎర్రగా చూపిస్తాంది."

"అది ఎవరికైనా అట్లనే చూపిస్తది కాకా."

"నువ్వు మూడొందలకు దుమ్ము దులుపుతానంటున్నవ్. అది పదిహేనొందలకు లోపలంతా కడుగుతానంటాంది. ఎవర్ని నమ్మాలె?"

కుర్రాడు ఏం చేస్తాడు? రెండు మూడిళ్లలో నిజం చెప్పి మాట పడ్డాక, నాలుగో ఇంట్లో తనే పెన్‌డ్రైవ్‌లో క్లీనర్ పట్టుకొస్తాడు. ఎర్ర అంకె సున్నా అయ్యేదాకా తిప్పుతాడు. కాకా తృప్తిగా డబ్బులిస్తాడు. ఫ్యాన్ మాత్రం అలాగే మూలుగుతూ ఉంటుంది.

తిరిగే పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్సెస్డీ పెట్టిస్తే, 4 జీబీ మెమరీని 8 చేయిస్తే, టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్‌లో పనిలేకుండా లేచేవాటిని ఆపితే, అక్కర్లేని ప్రోగ్రాములను సెట్టింగ్స్‌లోంచి పద్ధతిగా తీసేస్తే తేడా గడియారం పెట్టుకుని చూసుకోవచ్చు. ఏ క్లీనర్ కంపెనీ అయినా తన ప్రకటనలో గడియారం చూపించిందా? 'ముందు ఇన్ని సెకన్లు, తర్వాత ఇన్ని సెకన్లు' అని చెప్పదు, 'ఇన్ని లోపాలు సరిచేశాం' అంటుంది. రిజిస్ట్రీలో నిజంగానే ఒక ఎంట్రీ మార్చాల్సిన రోజు వస్తే, అది ఏదో, ఎందుకో తెలిసినవాడు ముందు దాని నకలు తీసి పెట్టుకుని, ఆ ఒక్కటే మార్చి, పక్కదాన్ని ముట్టుకోకుండా లేస్తాడు. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తోనే ముగిసిందన్న అసలు హెచ్చరిక కూడా తెర మీద వచ్చే ఉంటుంది. అది మర్యాదగా, నీలం రంగులో వచ్చింది గనక, మనం మర్యాదగా మూసేశాం.

విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ 2018 మార్చి నుంచి ఇలా బెదిరించి డబ్బు గుంజే 'ఆప్టిమైజర్'లను అవాంఛితమైనవిగా లెక్కకట్టి తీసేయడం మొదలెట్టింది. అంచేత కొన్ని క్లీనర్లు వేసుకునేటప్పుడే 'దయచేసి యాంటీవైరస్ ఆపండి' అని బతిమాలతాయి. పెద్దల మాట కాదనలేం గదా, ఆపుతాం.

ఇంత విన్నాక ఎవరైనా క్లీనర్‌ను తీసేద్దామనుకుంటే సంతోషమే. అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. 'మమ్మల్ని వదిలి వెళ్తున్నారా' అని ఓ ఏడుపు బొమ్మ వస్తుంది, 'సగం ధరకిస్తాం ఉండిపోండి' అని ఓ బేరం వస్తుంది, రెండిటికీ లొంగకండి. చివరికి అది పోతుంది. పోతూ పోతూ తన లైసెన్సు సంఖ్య, గడువు తేదీ, తన ఫోల్డర్ చిరునామా లాంటి నాలుగు ఎంట్రీలు మీ రిజిస్ట్రీలోనే వదిలి పోయినా ఆశ్చర్యం లేదు. వాటిని లోపాల కింద లెక్కకట్టి ఎర్రగా చూపించడానికి ఇంకో కంపెనీ క్లీనర్ సిద్ధంగా ఉంది, స్కాన్ ఉచితం.